రాచబీడులో శంఖుపూలు

రాజుగారి ఆవులు కాసే చెన్నక్క, అవి మేసే బీడులో ఒక మూల శంఖుపూల విత్తులు చల్లింది. ఆ తీగ మేసిన ఆవు పాలెక్కువిస్తుందని ఆమెకు తెలుసు. పూలు విచ్చాక తేనెటీగలొచ్చాయి. తీగల కింద పూరేడు పిట్టలు గూళ్లు పెట్టాయి.

అది చూసి బీడు అధికారి తిమ్మరాయుడికి ఒళ్లు మండింది. "గడ్డి పెరగాల్సిన చోట ఈ పూలేమిటి? ఈ పూటే పీకించేస్తాను," అన్నాడు.

చెన్నక్క చేతులు కట్టుకుంది. "అలాగేనయ్యా. కానీ పచ్చితీగ పీకితే వేరు లోపలే తెగి మళ్లీ చిగురేస్తుంది. బాగా ఎండాక పీకించండి."

ఆ ఆలోచన తనదే అయినట్టు అధికారి తలాడించాడు. తీగలు ఎండాక నలభై మంది భటులు వాటిని పీకి, మోపులు కట్టి, బీడు ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చుకుపోయారు. దారి పొడవునా ఎండుకాయలు చిటపటా పగిలాయి.

వానలు పడ్డాయి. బీడంతా నీలంగా పూసింది. ఆవుల పొదుగులు నిండాయి. సంగతి విని రాజుగారే చూడవచ్చారు.

"ఇంత బీడులో విత్తిందెవరు?"

తిమ్మరాయుడి ముఖం పాలిపోయింది. చెన్నక్క ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"ఈ అయ్యగారే మహాప్రభూ. నా ఒడిలో విత్తులు ఒక మూలకే సరిపోయాయి. అయ్యగారు నలభై మందిని పెట్టి బీడంతా చల్లించారు. ఆయన్ని తలుచుకోకుండా నేను పాలు పితకను."

రాజుగారు మెచ్చి తిమ్మరాయుడికి పట్టుశాలువా కప్పి వెళ్లారు. అధికారి కాసేపు పూలవంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ శాలువా తీసి చెన్నక్క భుజాన వేశాడు.

"అక్కా, ఈ ఏడు ఎప్పుడు పీకించమంటావు?" అని మెల్లగా అడిగాడు.