ఏడు గుమ్మాల కత్తెర

సముద్రం అంచున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలేవాడు కీర్తిభూపతి. ఆయనకు తన తెలివి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు.

కోట నుంచి రేవుకు పోయే దారిలో ఆయన ఏడు సుంకపు గుమ్మాలు కట్టించాడు. ఓడకెక్కే ప్రతి బట్టలోనూ గుమ్మానికో జానెడు రాజుకు చెల్లాలి. సుంకరులు లంచాలు తినకుండా ఉపాయం కూడా తనే పన్నాడు. వాళ్ళను గోడ వెనక కూర్చోబెట్టాడు. గోడకు చెయ్యి పట్టేంత కంత. ఎవరి మొరా వినపడకుండా వాళ్ళ చెవుల్లో మైనం. కంత దగ్గర బట్ట పెడితే, కత్తెర పట్టుకున్న చెయ్యి బయటికొచ్చి కోసుకుంటుంది. ఆ తర్వాతే అడ్డుకర్ర లేస్తుంది.

చూడ్డానికి జానెడే. కానీ కొంగు తెగిన బట్టను ఓడలవాళ్ళు ముట్టరు. ఏడాది తిరిగేసరికి రేవులో ఒక్క ఓడ మిగిలింది.

అద్దకం పనిచేసే నాంచారమ్మకు ఒక్క కూతురు, అల్లుడు పోతురాజు. పని లేక అతను ఆ ఓడలో తెడ్డు వేయడానికి మాటిచ్చాడు. అలా వెళ్ళినవాళ్ళెవరూ ఇంతవరకూ తిరిగి రాలేదు. మర్నాటి సాయంత్రం పోటుకు ఓడ కదులుతుంది. కూతురు ఏడవలేదు. అప్పుడే ముగ్గురికి బదులు ఇద్దరికే సరిపడా బియ్యం కొలుస్తోంది. అది చూసి నాంచారమ్మ లేచి కోటకు నడిచింది.

"ప్రభువులు ఆ గుమ్మాలు తీసేయించాలి," అంది.

సభ నవ్వింది. రాజు మీసం దువ్వాడు. "జానెడు బట్టకు చచ్చిందెవరే?"

"నేను చెబితే ఏం తెలుస్తుంది దొరా. ఒక్క బట్ట తమరే మోసుకెళ్ళి ఓడవాడికి అమ్మి చూపించండి. అమ్మితే మా రంగు కాగులు మేమే పగలగొట్టుకుంటాం."

"పిచ్చిదానా, నా చేతిలో బట్టను కోసేవాడు ఈ రాజ్యంలో ఉన్నాడా?"

"పరివారం మాత్రం వద్దు. మా బట్టలమ్మే బేహారులకు అది ఉండదు."

తెల్లారేసరికి దారంతా పొగమంచు. ముందు రాజు, వెనక నాంచారమ్మ. మనిషి అలికిడి లేదు. మొదటి గుమ్మం దగ్గర రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఎవడ్రా లోపల? నేను రాజును."

 కంతలోంచి చెయ్యి వచ్చింది. రాజు తన ముద్రుటుంగరం చూపాడు. చెయ్యి దాన్ని తడిమింది, వదిలేసింది, బట్ట అందుకుంది. కత్తెర కర్రుమంది. కొంగు పోయింది.

"చెవుల్లో మైనం దొరా," అంది నాంచారమ్మ మెల్లగా. "తమరే పెట్టించారు."

వెనక్కి తిరిగితే ఓడినట్టే. రాజు నడిచాడు. రెండో గుమ్మంలో అరిచాడు. మూడో గుమ్మంలో బతిమాలాడు. నాలుగు దాటాక తనే బట్టను కంత దగ్గర పెట్టసాగాడు.

ఏడో గుమ్మానికి ముందే చప్పుడు వినిపించింది. కర్, కర్. అక్కడికి బట్ట వచ్చి ఆరు నెలలైంది. అయినా ఆ చెయ్యి బయటే ఉంది. ఎండ తగలక పాలిపోయిన చెయ్యి. వట్టి గాలిని కోస్తోంది.

రాజు ఆగిపోయాడు. "లోపలున్నది మనిషేనా?"

"మనిషే. మా వీధివాడే కావచ్చు. చేతిని చూసి ఎవరు పోల్చుకుంటారు?"

ఆ చెయ్యి బట్టను కోసింది. చాలలేదేమో, తడుముకుంటూ వచ్చి రాజు ఉత్తరీయం పట్టుకుంది. ఆయన లాక్కునేలోపు అదీ జానెడు తెగింది. అడ్డుకర్ర లేచింది.

రేవులో ఓడ నాయకుడు ఆ పీలికను అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేశాడు. పక్కనున్నది ఎవరో అతనికి తెలియదు.

"ఏమమ్మా, మీ దేశానికి రాజు లేడా?"

"ఉన్నాడయ్యా. బయల్దేరినప్పుడు నిండుగానే ఉన్నాడు. దారిలో ఏడుచోట్ల కోశారు." నాంచారమ్మ పక్కకు జరిగి చూపించింది. "మిగిలింది ఇదిగో."

రాజు తన ఉత్తరీయం వైపు చూసుకున్నాడు.  తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఖాళీ రేవంతా తిరిగి, మంచులోంచి ఇంకెవరిదో అయి వెనక్కి వచ్చింది.  అయినా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

రేవు అధికారిని పిలిపించాడు. "గోడలు పడగొట్టించు. ఓడకెక్కే బట్టకు దారిలో సుంకం లేదు. అమ్ముడయ్యాక ఇక్కడే, ఒక్కసారే. నూలు మీద, రంగు మీద ముందే తీసుకున్న సుంకం కూడా బేహారికి తిరిగిచ్చెయ్యి. మోతకు కోట బండ్లు తోలించు."

తన కంకణం తీసి నాంచారమ్మ చేతిలో పెట్టాడు. "ఇంకేం కావాలి?"

"మా పోతురాజు ఈ ఓడకిచ్చిన మాట వెనక్కి కావాలి."

ఓడ నాయకుడు భుజాలెగరేశాడు. "సరుకు లేకనే మనుషుల్ని ఎక్కిస్తున్నా. నిండు బట్టలొస్తే అతనితో నాకేం పని?"

గోడల వెనకనుంచి సుంకరులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. చెవుల్లో మైనం తీయించుకుంటున్నా వాళ్ళ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి, ఇళ్ళలో అమ్ముడవక మిగిలిన నిండు బట్టలతో బండ్లొచ్చాయి. మూటలు మోస్తూ పదకొండుమంది ఓడెక్కారు, పోతురాజు వాళ్ళలో ఒకడు. పోటు ఎత్తుతోంది. దిగేవాళ్ళను నాంచారమ్మ చూస్తూ నిలబడింది. ఎనిమిది. తొమ్మిది. పది. దిగే పలక తీయబోతున్నారు.

అప్పుడు దిగాడు, చెమటలు తుడుచుకుంటూ. "ఏంటత్తా, అలా ఉన్నావు?"

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ఓడ కనుమరుగయ్యాక కూడా వదల్లేదు.