పంతొమ్మిదో ఎక్కం

సుధన్వకు మిగిలింది ఒక్క రోజు, ఒక్క పిల్ల.

గోదావరి ఒడ్డున కేదారస్వామి ఆశ్రమంలో ఒక చిన్న బడి ఉండేది. అందులో మూడో తరగతికి సుధన్వ పాఠాలు చెప్పేవాడు. ఇరవై ఎక్కాలు, ఎక్కానికి పది వరుసలు, వెరసి రెండు వందల వరుసలు. రోజుకు నాలుగు చెబితే యాభై రోజులు. వేసవి సెలవులకు సరిగ్గా యాభై రోజుల ముందు మొదలుపెట్టాడు. ఇరవై ఇద్దరు పిల్లలు అతని లెక్క తప్పకుండా ఇరవయ్యో ఎక్కం చేరుకున్నారు.

ఇరవై మూడో పిల్ల నూకాలు. దాని తల్లి మోదుగాకులు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టేది. అందరూ ఒక్క గొంతుతో ఎక్కం అంటుంటే నూకాలు గొంతు మాత్రం రెండు వరుసలు వెనకగా వినిపించేది. పక్కవాళ్లు తడబడేవారు. పాట చెడేది.

అవతల, గోదావరి మధ్యనున్న లంకలో కొత్తగా బడి పెడుతున్నారు. పంతుల్ని పంపమని అడగడానికి పడవ నడిపే సత్తెయ్య వచ్చి ఉన్నాడు. సెలవులిచ్చే రోజు మూడో తరగతి ఎక్కాలు విని, సుధన్వను పంపేదీ లేనిదీ తేలుస్తానన్నారు స్వామి. ఆ బడికి చాపలెన్ని కావాలో, పలకలెన్ని కావాలో సుధన్వ అప్పుడే లెక్క వేసి పెట్టుకున్నాడు.

ముందురోజు సాయంత్రం నూకాలును పక్కకు పిలిచాడు.

"రేపు నువ్వు పెదాలు ఆడించు, చాలు. గొంతు బయటికి రాకూడదు."

"అన్ని ఎక్కాలకీనాండి?"

"అన్నిటికీ."

మర్నాడు స్వామి వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. సత్తెయ్య గుమ్మానికి చేరగిలబడ్డాడు.

"ఎంతమందికి వచ్చాయి నాయనా?"

"అందరికీ, స్వామీ. ఒక్క తప్పు దొర్లదు."

"కానివ్వండర్రా. పదహారు నుంచి అందుకోండి."

పైకప్పు ఎగిరిపోయేలా అందుకున్నారు. రెండు వరుసలయ్యాక స్వామి లేచారు. ఎక్కం అంటున్న ఒక కుర్రాడి భుజం తట్టి, 'సెలవులే, పో' అన్నట్టు వాకిలి చూపించారు. వాడు పలక సంచి చంకన పెట్టుకుని ఒకటే పరుగు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఇద్దరాడపిల్లలు.

సుధన్వ గొంతులు లెక్కపెట్టాడు. పదిహేను. తప్పు లేదు. తొమ్మిది. తప్పు లేదు. నాలుగే గొంతులు మిగిలాయి, అయినా అంకె పొల్లుపోలేదు. ఎవరి గొంతు మీద వాళ్లే నిలబడ్డారు! గర్వంతో అతని కళ్లు చెమర్చాయి. స్వామికి ఇంతకన్నా ఏం కావాలి?

అప్పుడు గుర్తొచ్చింది నూకాలు.

"పంతొమ్మిదార్లు నూట పద్నాలుగు!" అని అరుస్తూనే చివరి కుర్రాడూ పరుగెత్తాడు.

బడి నిశ్శబ్దమైపోయింది. మూలన నూకాలు ఒక్కతే నిటారుగా కూర్చుని ఉంది. దాని పెదాలు ఆడుతూనే ఉన్నాయి.

సత్తెయ్య పకపకా నవ్వాడు. "ఇదేటండీ, గట్టున పడ్డ చేపలాగ!"

స్వామి నవ్వలేదు. "గొంతేదమ్మా?"

నూకాలు సుధన్వ వంక చూసింది. "చెప్పేయమంటారాండి?"

సుధన్వ తల దించుకున్నాడు. "నేనే వద్దన్నాను, స్వామీ. దీనికి రావు."

స్వామి వెళ్లి ఆ పిల్ల ఎదుట కూర్చున్నారు. "పంతొమ్మిదేళ్లు ఎంత?"

నూకాలు వేళ్లు దగ్గరకు చేర్చి గాలిలో ఏదో కుట్టడం మొదలుపెట్టింది. రోజూ సరిగ్గా ఇక్కడే సుధన్వ "ఊఁ, తర్వాత!" అని కసిరేవాడు. స్వామి ఆగారు.

"నూట ముప్పై మూడండి."

"ఎలా?"

"విస్తరికి ఏడాకులండి. ఇరవై విస్తళ్లకి నూట నలభై. ఒక విస్తరి విప్పేశానండి."

"ఇరవై మూడు విస్తళ్లయితే?"

సుధన్వ ఉలిక్కిపడ్డాడు. ఇరవై దాటిన ఎక్కం అతను ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పరుగెత్తిన ఇరవై ఇద్దరిలో ఎవర్నడిగినా నోరు వెళ్లబెట్టేవారే.

నూకాలు మళ్లీ కుట్టింది. "ఇరవైకి నూట నలభై... ఇంకో మూడింటికి ఇరవై ఒకటి. నూట అరవై ఒకటండి."

సుధన్వ చిన్నప్పటి నుంచీ లెక్కలు చేసే దారి అదే. ఎవరూ నేర్పింది కాదు. లోకంలో తనొక్కడికే తెలుసనుకున్నాడు.

"ఇంతకీ ఈ పంతుల్ని పంపుతారా, పంపరాండీ?" అన్నాడు సత్తెయ్య. "గాలి మళ్లకముందే పడవ తీయాలి."

స్వామి సుధన్వ వైపు చూడను కూడా లేదు. సుధన్వ లేచి, వెళ్లి నూకాలు పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ముప్పై ఎనిమిది విస్తళ్లమ్మా. నేను తొందరపెట్టను. ఎలా కుడతావో చూపించు."

"మీకు కుట్టడం రాదాండి?" ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"రాదు."

నూకాలు దర్జాగా చేతులు చాపింది. "అయితే ఇటు చూడండి."

స్వామి గుమ్మం దిగుతూ సత్తెయ్య భుజం తట్టారు.

"లంకవాళ్లకి కబురు చెప్పు. పంతులు దొరికాడని."