సారంగవాగు వంతెనకు తక్కువైన రాయి

పూర్వం, ఈ సీమలో రైలును గురించి విన్నవారే గాని కన్నవారు లేని రోజుల్లో, నల్లమల అంచున పుట్టి మన పొలాల మధ్యగా ప్రవహించే సారంగవాగు మీద మూడు కమానుల రాతివంతెన కట్టడానికి ఒక వడ్డెరల జట్టు వచ్చి గట్టున గుడిసెలు వేసుకుంది. వారిలో తిప్పన్న అనేవాడిది ఎడమచేతివాటం. తక్కినవారు చెక్కిన రాళ్ళ మీద ఉలిగీతలు ఒకవైపుకు వాలితే, అతని రాళ్ళ మీద రెండోవైపుకు వాలేవి. అతని భార్య సుంకమ్మ రాళ్ళు మోసేది. వెయ్యి రాళ్ళలో కలిపినా తన మగని రాయిని కళ్ళు మూసుకుని, చేత్తో తడిమి చెప్పగలిగేది.

ఆ జట్టువారికి ఒక ఆచారం ఉండేది. ఏ కట్టడానికైనా కడపటి రాయిని ఒక ఆలుమగల జంట తలస్నానం చేసి, చెరొక అంచు పట్టి, ఎవరి అంచుకు వారు పసుపు పూసి నిలపాలి. ఈ వంతెనకు ఆ భాగ్యం సుంకమ్మ దంపతులకు దక్కింది. పిట్టగోడ నడుమ ఒక్క రాయి చోటు మిగిలింది, తిప్పన్న ఆ రాయిని ప్రాణం పెట్టి చెక్కి ఆ చోటు పక్కనే ఉంచాడు. సరిగ్గా అప్పుడే సుంకమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఉత్తరాన మరో వంతెన పని ముంచుకొచ్చిందని మేస్త్రీ ఆ వారమే జట్టునంతా బయలుదేరదీశాడు. లేవలేని మనిషిని ఊళ్ళో ఈరమ్మ అనే ఇల్లాలికి అప్పగించి తిప్పన్న మూట కట్టుకున్నాడు.

“నేనొచ్చేదాకా ఆ రాయిని ఎవర్నీ ముట్టనీయొద్దు మే” అన్నాడు.

“ఎప్పుడొస్తావు?”

“ఆడ పని కాంగానే మమ్మల్ని రైల్లో ఘాట్ల పనికి, కొండలు తొలిచేదానికి తోల్కపోతారంట. రైలు మన వంతెన మీదే గదా పోవాల. ఈడికి రాంగానే దిగిపోతా.”

రైలుకు దారి వేసినవారు రైలెక్కి ఎరుగరు పాపం. దిగుతానన్నవాడి దగ్గర ఎద్దులబండిలాగా అదీ ఆగుతుందని ఆ ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు. స్టేషను మూడు క్రోసుల దూరంలో ఉన్నా సుంకమ్మ ఏనాడూ అటు పోలేదు.

జ్వరం తగ్గింది, పట్టాలు పడ్డాయి, రైలు వచ్చింది. పిట్టగోడలో వెలితి చూసి ఓవర్సీరు మూడుసార్లు వేరే రాయి పెట్టించాడు. మూడుసార్లూ తెల్లవారేసరికి ఓవర్సీరు పెట్టించిన రాయి వాగులో కనబడింది. దేవత మహిమ అన్నారు కొందరు, సుంకమ్మ గునపం మహిమ అన్నారు మరికొందరు. మహిమకు మాత్రం చేతులు అక్కర్లేదా ఏమి? ఆ ఒక్క రాయి లేనంతమాత్రాన రైలు పడిపోదులెమ్మని చివరికి ఓవర్సీరే చేతులెత్తేశాడు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం తిప్పన్న రానే వచ్చాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి, ఎడమచెయ్యి ఊపుతూ, “ఆపండయ్యా, నా రాయి ఈడుంది!” అని అరిచాడు. సుంకమ్మ “దిగు, దిగు” అంటూ పట్టాల పక్కన పరుగెత్తింది. రైలు ఆగలేదు. మూడు కమానులూ దాటి, మలుపు తిరిగి, పొగ మాత్రం మిగిల్చి పోయింది. ఎన్ని ఆశలతో కట్టుకున్న వంతెనో, దాన్ని రెప్పపాటులో దాటిపోయింది.

అటుపైన మూడేళ్ళు ఆమె వంతెనను విడవలేదు. పోయిన రైలు తిరిగి రాకపోతుందా అన్నదే ఆమె ధైర్యం. రోజూ వాగునీటితో ఆ రాయిని కడిగి, తన అంచుకు పసుపు పూసేది. రెండో అంచు జోలికి పోయేది కాదు. సంకటి తెచ్చే ఈరమ్మ “కూసంత అటుపక్క కూడా పుయ్యరాదా అక్కా” అంటే, “అది ఆయప్పది” అనేది. మరుసటేడు కరువొచ్చి ఈరమ్మ మగడూ ఘాట్ల పనికి పోయాడు. అప్పటినుంచి ఈరమ్మ ఆ మాట అడగలేదు.

మూడో ఏడు, పగటిబండి వంతెన నడుమకు వచ్చి దానంతట అదే ఆగిపోయింది. డ్రైవరు దిగి చక్రాలు చూశాడు, బాయిలరు చూశాడు. నిప్పు ఉంది, ఆవిరి ఉంది, ఏ లోపమూ లేదు. పెట్టెలోంచి తిప్పన్న జట్టువాడు మద్దిలేటి ఒక్కడే దిగి, సుంకమ్మ చేతిలో ఒక సుత్తె పెట్టాడు. దాని పిడి ఎడమచేతి పట్టుకు అరిగి ఉంది.

“సొరంగంలో కొండ కూలి మీద పడిందమ్మా. ఇన్నేళ్ళూ మేస్త్రీ మమ్మల్ని కదలనీలేదు. ప్రాణం పోయేముందు, ఆగనిది రైలేనని చెప్పమన్నాడు, తాను దిగకూడదని పోలేదని చెప్పమన్నాడు.”

సుంకమ్మ ఏడవలేదు. రాయి దగ్గరకు వెళ్ళి ఎత్తబోయింది. మద్దిలేటి రెండో అంచు పట్టబోతే వద్దని, ఆ అంచు కింద మగని సుత్తె దూర్చి, ఒక్కతే రాయిని వెలితి దాకా జరిపింది. ఇక ఎదురుచూడవలసినది లేదు కనుక ఆ చోటు మూసెయ్యాలనుకుంది. అంతలో ఆగిన రైలును చూసి ఊళ్ళోంచి పరుగెత్తుకొచ్చిన ఈరమ్మ పెట్టెలన్నీ వెతికింది. ఇంకెవరూ దిగలేదు. వచ్చి ఆ వెలితికి అడ్డంగా నిలబడింది.

“మూయొద్దక్కా. మా ఇంటాయన ఇంకా రాలే.”

సుంకమ్మ రాయిని వెనక్కి లాగి పక్కన దించింది. ఎవరూ ముట్టకుండానే రైలు కదిలిందని పెద్దలు చెబుతారు.

నాటినుంచి అది సుంకమ్మ వంతెన. పట్టాలు మారాయి, ఇంజన్లు మారాయి, ఆ వెలితి మాత్రం అలాగే ఉంది. మిరపకోతలకు, దూరదేశపు పనులకు ఇంటివాడు వెళ్ళినప్పుడు మన ఆడవారు అందులో ఒక గులకరాయి ఉంచుతారు. అతడు తిరిగి వచ్చాక ఇద్దరూ కలిసి దాన్ని తీసి వాగులో వదులుతారు, పోతూ పోతూ పక్కనున్న ఆ పెద్దరాయికి పసుపు పూస్తారు. తరతరాల పసుపుతో దాని ఒక అంచు పచ్చగా మెరుస్తుంటుంది. ఎడమకు వాలిన ఉలిగీతలున్న రెండో అంచును మాత్రం నేటికీ ఎవరూ ముట్టుకోరు.