మీకాని పిలిచిన భాష

అనగనగా, ఏడు సముద్రాలకి ఆవల, ఒక రేవు పట్నం. ఆ పట్నంలో ఒక వీధి. ఆ వీధిలో ఉండేవాళ్ళందరూ దక్షిణాన ఉన్న రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్ళే. ఊళ్ళోవాళ్ళు మాత్రం అందర్నీ కలిపి 'లాటినోలు' అనేవారు. వాళ్ళలో చాలామంది మాట్లాడేది స్పానిష్ మరి. అదేమో లాటిన్ అనే పాత భాషకి పుట్టిన బిడ్డ.

ఆ వీధికి ఒతిలియా అనే పిల్ల కొత్తగా వచ్చింది. నీకన్నా కాస్త పెద్దదేమో. వాళ్ళది గ్వాటెమాలా కొండల్లో ఒక పల్లె. వాళ్ళ ఇంటి భాష పేరు మామ్. మీ మామయ్య కాదే, నవ్వకు! మాయా జనం మాట్లాడే భాషల్లో అదొకటి. స్పెయిన్ ఓడలు ఆ నేలని తాకకముందు నుంచీ ఉంది.

బళ్ళో పిల్లలు "లాటినోవి కదా, స్పానిష్ రాదేంటి?" అని నవ్వారు. అప్పుడు ఒతిలియా పట్టుబట్టి స్పానిష్ నేర్చుకుంది. ఆ తర్వాత వీధిలో మామ్ మాట్లాడ్డమే మానేసింది.

ఒక పండగ నాడు అమ్మ బట్టలు కుట్టే పనికి వెళ్తూ, "చెల్లి చెయ్యి వదలకే" అని చెప్పింది. చెల్లి పేరు మీకా. ఇంత పిల్ల. దానికి మామ్ తప్ప ఇంకో ముక్క రాదు.

వీధంతా తోపుడు బళ్ళు, డప్పులు, జనం. మీకా అక్కని ఏదో అడిగింది. సరిగ్గా అప్పుడే బళ్ళో పిల్లలు ఎదురొచ్చారు. "ఉష్, ఇక్కడ మాట్లాడకు" అని ఒతిలియా చెయ్యి విడిపించుకుంది. తిరిగి చూస్తే చెల్లి లేదు!

ఒతిలియా తోపుడు బళ్ళ మధ్య అంతా వెతికింది. ఏడుస్తూ అందరికీ చెప్పింది.

అప్పుడు రొట్టెలమ్మే అల్తాగ్రాసియా అత్త వీధి మొదట్లో నిలబడి స్పానిష్‌లో పిలిచింది. మీకా రాలేదు. ఆ తర్వాత పళ్ళమ్మే నకామా తాత పిలిచాడు. రాలేదు. ఆ తర్వాత లేసులల్లే రెమెదియోస్ అవ్వ పిలిచింది. ఊహూఁ. తెలియని భాషలో కొత్తవాళ్ళు అరుస్తుంటే పసిది బెదిరిపోయి, దాక్కున్న చోటే ఇంకా ఇంకా లోపలికి నక్కుతోంది, పాపం.

ఒతిలియా పండగ పాటల కోసం కట్టిన వేదిక మీదికెక్కి మైకు పట్టుకుంది. ఎదురుగా బళ్ళో పిల్లలు. నోరు తెరిచి, మూసేసింది. మళ్ళీ నోరు తెరిచింది, గాలే వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని, మామ్‌లో అరిచింది. "మీకా! కుడుములు వేడిగా ఉన్నాయి, రావే!"

రెమెదియోస్ అవ్వ బండి కింద గుడ్డ కదిలింది. మీకా పాక్కుంటూ వచ్చి, అక్క మెడ పట్టుకుని వేలాడింది.

"అదేం భాష?" అంది రోసౌరా, అప్పుడు బళ్ళో నవ్విన పిల్లే.

"మాది. మామ్" అంది ఒతిలియా, గొంతు తగ్గించకుండా.

అల్తాగ్రాసియా అత్త కళ్ళు తుడుచుకుంది. "మా ముత్తవ్వల్ని ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చారమ్మా. వాళ్ళు ఏ భాషలో ఏడ్చారో కూడా మాకు తెలీదు. డప్పు దరువొక్కటే మిగిలింది."

"మా తాత జపాన్ నుంచి పెరూకి వచ్చాడు, పత్తి చేలో కూలికి. ఆయన తిట్లు మాత్రం నాకొచ్చు" అన్నాడు నకామా తాత. అందరూ నవ్వారు.

రెమెదియోస్ అవ్వ నవ్వలేదు. "మావాళ్ళు స్పెయిన్ నుంచి వచ్చారు. వాళ్ళ భాషే అందరి నోళ్ళలోనూ పడింది. దాని కింద ఎన్ని భాషలు అణిగిపోయాయో" అంది. అని, "ఇదిగో ఒతిలియా, ఆ పిలుపు మాకూ నేర్పవే. మళ్ళీ తప్పిపోతే ఏం చేస్తాం?" అంది.

సాయంత్రం అమ్మ పని నుంచి తిరిగొచ్చింది. వీధి మలుపులో టక్కున ఆగిపోయింది. ఆ పట్నంలో నాలుగ్గోడల బయట ఎప్పుడూ వినని తన భాష! రొట్టెల అత్త, పళ్ళ తాత, లేసుల అవ్వ, బళ్ళో పిల్లలు, అందరూ వంకర టింకరగా "మీకా, రావే!" అంటున్నారు. పిలిచిన ప్రతివాళ్ళ దగ్గరికీ మీకా పరిగెడుతోంది, కిలకిలా నవ్వుతూ.

కథేమో కంచికి నడిచింది,
కన్నేమో కలలోకి జారింది,
మనమేమో ఇంటికి చేరాం,
దుప్పట్లో వెచ్చగా దూరాం.