పెగ్గడగారి కాలికి నూలుపోగు

గుండ్లకోన రాజు కేతభూపతికి ఆ ఏడు పుట్టినరోజు ముందు ఒక సరదా పుట్టింది. బొక్కసానికి అందరికంటే ఎక్కువ సొమ్ము మిగిల్చినవాడి ఎడమకాలికి తన చేత్తో బంగారు గండపెండేరం తొడుగుతానన్నాడు. కాదనేవాళ్లుంటే నిండుసభలో కాదనవచ్చు. మాట నెగ్గితే కోరింది ఇస్తాడు. ఓడితే గుండు గీయించి కోట బయటికి పంపుతాడు.

పెండేరం ఎవరికి దక్కుతుందో అందరికీ తెలుసు. బొక్కసం చూసే దేవయపెగ్గడకే. ఆయన దృష్టిలో సొమ్ము మిగల్చడమంటే ఇవ్వకపోవడమే. వంతెన కావాలని వస్తే ఏరు ఎండేదాకా ఆగమన్నాడు. ఎండాక వస్తే వంతెన ఎందుకన్నాడు.

వానలకు ముందు ఆస్థాన వైద్యుడు ఆయన దగ్గర మొరపెట్టుకున్నాడు. పల్లెల్లో జనం దిగుడుబావుల్లోకి మోకాలి లోతు దిగి నీళ్లు ముంచుకుంటున్నారు. కురుపున్న కాలూ ఆ నీళ్లలోనే, తాగే కుండా ఆ నీళ్లలోనే. నారికురుపు అలా ఊరంతా పాకుతోంది. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకలు పెట్టిస్తే చాలు.

పెగ్గడ విని ఆవులించాడు. చంపే రోగాలకే బొక్కసం తెరుస్తానన్నాడు. నారికురుపు ఎవరినైనా చంపాక రమ్మన్నాడు.

ఆ మాట సూరమ చెవిన పడింది. సూరమ రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే మనిషి. ఆమె కూతురు పోలమ ముళ్లపాడులో మంచాన పడి ఉంది. మడమ పైన పొక్కు చితికి, నారిపురుగు తల బయటపెట్టింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు వేలి వెడల్పు చొప్పున లాగాలి. కదిలితే తెగుతుంది. తెగితే లోపలి ముక్క చీముపట్టి కాలు అవిటిదవుతుంది. వానలు పడ్డాయి. చుట్టూ నాట్లు సాగుతున్నాయి. పోలమ పొలం అలాగే ఉంది.

పుట్టినరోజు సభ నిండింది. కాదనేవారున్నారా అని రాజు అడిగాడు. తాంబూలప్పళ్లెం కింద పెట్టి సూరమ లేచి నిలబడింది.

"ఏమే సూరమా, ఆకులకు సున్నం రాయడం అయిందా?" అన్నాడు పెగ్గడ.

సూరమ కురుపు సంగతి, బావుల సంగతి చెప్పింది. నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకుంది.

"దారమంత పురుగు ప్రభూ," అన్నాడు పెగ్గడ. "పుల్లకు చుట్టి కూర్చుంటే అదే వస్తుంది. దానికోసం బావులన్నీ తిరగ్గట్టాలా? ఎవరినీ చంపదు."

"అయితే అయ్యగారు కాలికి దారం కట్టుకుని సభ ముగిసేదాకా కూర్చోగలరా? తెగకుండా?"

సభ గొల్లుమంది. కూర్చోవడంలో పెగ్గడకు సాటి ఎవరని సేనాపతి బొల్లినాయకుడు పక్కవాడి చెవిలో అన్నాడు. అది పెగ్గడకూ వినబడింది. రోషంగా ఎడమకాలు చాపాడు.

రాజుకు ఈ పందెం నచ్చింది. పోగు తెగితే సూరమ గెలిచినట్టు. తెగకపోతే ఆమె జుట్టు పోయినట్టు.

దీపాల వత్తులకు వడికిన నూలుపోగు ఒకటి తెప్పించింది సూరమ. ఒక కొస పెగ్గడ మడమకు కట్టింది. రెండో కొస చీపురుపుల్లకు చుట్టి, పుల్లను ఇత్తడి దీపపుసెమ్మె కింద దోపింది. మధ్యలో మూరెడు పోగు.

పెగ్గడ దిండుకు ఆనుకున్నాడు. పాట అయింది. ఆట అయింది. పిక్క మీద దోమ వాలింది. కాలు విదిలించబోయి ఆగిపోయాడు. దోమ తీరిగ్గా కుట్టి పోయింది.

అప్పుడు కొలువు నడిపే కంచుకి పెండేరం అందుకునేవాడి పేరు పిలిచాడు.

"బొక్కసం కాపాడిన దేవయపెగ్గడ గారు గద్దె ముందుకు రావాలి."

లేవబోయిన పెగ్గడ కాలివైపు చూసుకున్నాడు. పెండేరం ఇక్కడికే తెప్పించమని బతిమాలాడు. గద్దె దిగి తొడగడం మా వంశంలో లేదన్నాడు రాజు. పోనీ సెమ్మె కాస్త ముందుకు జరపమని పెగ్గడ సూరమను అడిగాడు.

"జరుపుదాం అయ్యగారూ. నా కూతురి మంచం దగ్గరికి పొలం జరిగి వచ్చిననాడు."

రెండో పిలుపు వచ్చింది. మూడో పిలుపుకు రాకపోతే పెండేరం తర్వాతివాడికి పోతుంది. తర్వాతివాడు బొల్లినాయకుడు. ఆయన అప్పటికే ఎడమకాలి చెప్పు విడిచి కూర్చున్నాడు.

అది చూశాక పెగ్గడ ఉండలేకపోయాడు. లేచాడు. ఎడమకాలు వెనక్కి చాచి, కుడికాలి మీద కొంగలా నిలబడ్డాడు. గద్దెవైపు ఒక్క గెంతు గెంతాడు.

పోగు తెగింది. చప్పుడు కూడా కాలేదు.

సూరమ పుల్లను పైకెత్తి చూపింది.

"సగం ఇక్కడుంది ప్రభూ. మిగతా సగం అయ్యగారి కాల్లో ఉండిపోయింది. రేపటికి వాస్తుంది."

పెగ్గడ తనకు తెలియకుండానే వంగి మడమ తడుముకున్నాడు. ముందు నవ్వింది రాజు. తర్వాత సభంతా నవ్వింది. పెగ్గడ నవ్వలేదు, బొల్లినాయకుడు మాత్రం చెప్పు మళ్లీ తొడుక్కునేదాకా నవ్వాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. బావులు కట్టించమంది సూరమ. తనకు నాట్లు అయ్యేదాకా సెలవిప్పించమంది. పెండేరం కరిగించి ఆ బంగారంతో పని మొదలుపెట్టమని, చాలనిది బొక్కసం తెరిచి ఇమ్మని రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. మొదటి బావి ముళ్లపాడుదే. తాళం తీయాల్సింది పెగ్గడే.

"మరి పెండేరం లేకుండా పెగ్గడగారి కాలు బోసిగా ఉండిపోవాలా సూరమా?" అన్నాడు రాజు.

మడమకు తెగిన పోగు ఇంకా వేలాడుతోంది. సూరమ తాంబూలప్పళ్లెం చేతికి తీసుకుంది.

"ఆ దారం ఉండనివ్వండి ప్రభూ. ఎవరినీ చంపదు."

సభలో లేచిన నవ్వు కోట బయట అప్పుడే రాజాజ్ఞ అందుకున్న తాపీవాళ్ల చెవిన పడింది. ఎందుకో తెలియకుండానే వాళ్లూ నవ్వుతూ ముళ్లపాడుకు బండి కట్టారు.