సుపర్ణిక గూటి గుట్టు

మద్దిమల అనే అడవి ఒకటి ఉండేది. మద్దులు, ఇప్పలు, వేగిసలు దట్టంగా అల్లుకొని మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నేల చల్లగా ఉండేది. చుక్కల దుప్పులు, నెమళ్ళు, ఉడుతలు, గోరింకలు, కొమ్ముముక్కు పక్షులు ఆ నీడలో సుఖంగా కాపురముండేవి.

ఆ అడవికి కావలి దీర్ఘవాలుడనే కొండముచ్చు. అన్నిటికంటె ఎత్తైన మద్ది చిటారుకొమ్మ అతని ఆసనం. పొదలో చిరుతపులి కదిలితే చాలు, "ఖక్! ఖక్!" అని హెచ్చరించేవాడు. దుప్పులు క్షణంలో చెదిరిపోయి ప్రాణాలు దక్కించుకొనేవి.

"మా ప్రాణాలు నీ కంఠంలో ఉన్నాయి మామా" అనేది దుప్పుల పెద్ద బిందుమతి.

ఎండవేళ అందరూ మద్దికింద విశ్రమించేవారు. అప్పుడు దీర్ఘవాలుడు పైనుంచి తాను చూసిన విశేషాలు చెప్పేవాడు. ఏ వాగులో నీరుంది, ఏ ఇప్పచెట్టు పూలు రాల్చింది, అలాంటివి. అవి అందరికీ పనికివచ్చేవి. ఎవరూ నవ్వేవారు మాత్రం కారు.

వానాకాలం చివర ఒకనాడు అతడు గొంతు సవరించుకొని, "మన నెమలిదొర ఎందుకు కనబడటం లేదో తెలుసా? పింఛమంతా రాలిపోయింది! బోసితోకతో పొదలో దాక్కున్నాడు" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు దీర్ఘవాలుడికి ఇప్పపూలకంటె తీపిగా తోచింది.

నాటినుంచి వినేవారు పెరిగారు. ఏ గూటిలో ఎవరు అలిగారో, ఏ కణుజు దుప్పికి కొమ్ములు ఊడాయో, ఏ కుందేలు నిద్రలో ఉలికిపడిందో, అన్ని ముచ్చట్లూ మద్దికిందికి చేరేవి. ఉడుతలూ గోరింకలూ ఆ విద్య నేర్చాయి. కొమ్మకొక కథకుడు బయలుదేరాడు. తుమ్మాలన్నా ముందు తలెత్తి పైకి చూడవలసిన కాలం వచ్చింది.

ఒకనాడు బిందుమతి ఉండబట్టలేక అడిగింది. "మామా, చిరుత వస్తే చెప్పు, నీకు మొక్కుతాం. నెమలి తోకతో మాకేం పని? పాపం, సిగ్గుతో పది రోజులు నీటికి కూడా రాలేదు."

"నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"లేదు, నిజమే చెప్పావు. కాని ఆ నిజం నీది కాదు. నెమలిది."

"కొమ్మెక్కి చూసింది నేను. చూసినవాడిదే మాట!" అన్నాడు దీర్ఘవాలుడు.

"దుప్పి అత్తకు చెట్టెక్కడం రాదుగా! అందుకే ఈ నీతులు" అంది ఒక ఉడుత, తోక ఆడిస్తూ. మళ్ళీ అందరూ నవ్వారు. బిందుమతి లేచి మేతకు వెళ్ళిపోయింది.

వేసవి వచ్చింది. కొమ్ముముక్కు పక్షులు గుడ్లు పెట్టే కాలమది. వాటికొక ఆచారం ఉంది. ఆడపక్షి చెట్టుతొర్రలో చేరి, ముక్కు పట్టేంత సందు మాత్రం విడిచి, తొర్ర వాకిలిని మట్టితో మూసుకొంటుంది. లోపల దాని రెక్కల ఈకలు, తోక ఈకలు రాలిపోతాయి. అవి మళ్ళీ మొలిచేవరకు అది ఎగరలేదు. మగపక్షి ఆ సందులోంచి పండ్లు అందించి పోషిస్తుంది. బయటినుంచి చూస్తే అది తొర్ర అని తెలియదు. ఆ తెలియకపోవడమే ఆ తల్లికి కోట.

వాగు మలుపున ముసలి వేగిసచెట్టు తొర్రలో సుపర్ణిక అనే ఆడపక్షి మూడు గుడ్లు పెట్టింది. దాని భర్త పృథుచంచువు నోట మేడిపండ్లతో మాటిమాటికీ ఆ చెట్టుకు పోవడం దీర్ఘవాలుడి కంటబడింది. అతడు వెంటనే వెళ్ళి సందులోంచి లోపలికి తొంగిచూశాడు.

"అయ్యో సుపర్ణికా! రెక్కలకు ఈకలేవమ్మా?"

సుపర్ణిక సందు దగ్గరకు జరిగింది. "అన్నా, నీకు పుణ్యముంటుంది. చూసినది చూసినట్టే మరిచిపో. ఇప్పుడు నేను ఎగరలేను, పోరాడలేను. ఈ మట్టి గోడ ఒక్కటే నాకు దిక్కు."

"భలేదానివే! నలుగురికీ తెలిస్తే నలుగురూ సాయపడతారు గదా" అంటూ అతడు ఒక్క గెంతులో మాయమయ్యాడు.

ఆనాటి సభ కిక్కిరిసిపోయింది. దీర్ఘవాలుడు చేతులు ముడుచుకొని, మెడ లోపలికి లాగి, ఈకలు లేని పక్షిలా నటించి చూపాడు. "ఎక్కడ మామా, ఎక్కడ?" అని అరిచాయి గోరింకలు. "వాగు మలుపున ముసలి వేగిస. తూర్పువైపు, రెండో కొమ్మ మొదట!" అన్నాడు అతడు గర్వంగా.

దాపున ఒక బండమీద దృఢగ్రాహి అనే ఉడుము కళ్ళు మూసుకొని ఎండ కాచుకొంటూ ఉంది. అది నవ్వలేదు. చెట్టు గుర్తు మాత్రం మనసులో పెట్టుకొంది. ఏళ్ళతరబడి ఆ వేగిస పక్కనే తిరిగినా, అక్కడ తొర్ర ఉందని దానికి తెలియదు.

మరునాటి ఉదయం ఉడుము వేగిస ఎక్కింది. గోళ్ళతో మట్టి గోడను పెకలించసాగింది. పృథుచంచువు ముక్కుతో ఎంత పొడిచినా దాని దళసరి తోలుకు లెక్కలేదు. గోడ పగిలి ఉడుము మూతి తొర్రలోకి దూరింది. లోపలినుంచి సుపర్ణిక ఆర్తనాదం అడవంతా వినిపించింది.

దీర్ఘవాలుడు మద్దిమీదినుంచి చూశాడు. ఉడుముకు దారి చూపింది ఎవరో అతడికి వెంటనే తెలిసింది. "ఖక్! ఖక్!" అని అరిచాడు. ఆ కేకకు దుప్పులు చెదిరి పారిపోయాయి. చెట్టెక్కి ఉడుమును లాగగలవారు వాటిలో ఎవరు? తన సభలో నవ్విన నలుగురిలో ఒక్కరూ కదలలేదు.

అతడే దూకాడు. ఉడుము తోక పట్టి లాగాడు. ఉడుము పట్టు ఊరకే వదులుతుందా? బెరడు ఊడివచ్చినా గోళ్ళు ఊడలేదు. చివరకు పట్టు తప్పినప్పుడు అది తోకతో అతని ముఖంమీద చెళ్ళున కొట్టి, నేలకు జారి పొదల్లో దూరింది. దీర్ఘవాలుడి పెదవులు చిట్లాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

తొర్రలోంచి నీరసంగా మాట వినిపించింది. "ఒక గుడ్డు పోయింది అన్నా. రెండు మిగిలాయి."

అతడు తల వంచుకొన్నాడు. కిందికి దిగి వాగునుంచి తడిమట్టి పిడికిళ్ళతో తెచ్చి పృథుచంచువు ముందు పెట్టాడు. సాయంకాలానికి గోడ మళ్ళీ నిలబడింది.

తరువాత అతడు ఆకుల గుబురులో దాక్కున్నాడు. ఆ వాచిన ముఖం ఎవరికీ చూపాలని లేదు. రెండో నాడు కింద ఉడుత గొంతు వినిపించింది.

"బిందుమతత్తా, నువ్వు మామను చూశావటగా! ముఖం ఎలా ఉంది? గుమ్మడికాయంత అయిందటగా? చెప్పవూ!"

దీర్ఘవాలుడు చెవులు రిక్కించాడు.

"చూశాను. అయితే అది మామ మాట. చెప్పదలిస్తే మామే చెబుతాడు. నువ్వు వెళ్ళి నీ కాయలు ఏరుకో" అంది బిందుమతి.

గుబురులో దీర్ఘవాలుడి కళ్ళు చెమర్చాయి.

గాయం మానింది. అతడు మళ్ళీ చిటారుకొమ్మ ఎక్కాడు. చిరుత జాడ చెప్పేవాడు, నీటి జాడ చెప్పేవాడు, అంతటితో ఆపేవాడు. "ఇంకేమీ లేదా మామా?" అని గోరింకలు విసుక్కొన్నాయి. కొన్ని రావడం మానేశాయి. మద్దికింద దుప్పులు మాత్రం ఎప్పటిలాగే నిశ్చింతగా నెమరువేసుకొనేవి.

తొలకరి చినుకులు పడిన ఒక మధ్యాహ్నం రెక్కల చప్పుడు వినిపించింది. కొత్త ఈకలతో సుపర్ణిక వచ్చి మద్దికొమ్మపై వాలింది. పృథుచంచువు పక్కన వాలాడు. వారి వెనుక తడబడుతూ రెండు పిల్లలు వాలాయి.

"మా బిడ్డలు! అందరూ చూడండి" అంది సుపర్ణిక. అడవంతా కేరింతలు కొట్టింది.

"ఇవి తొర్ర దాటి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది ఉడుత.

"ఐదు రోజులు" అన్నాడు దీర్ఘవాలుడు.

"అంటే నీకు ముందే తెలుసా! మరి చెప్పలేదేం మామా?"

"తల్లి చెప్పుకోవలసిన మాట అది" అని అతడు పక్కకు జరిగి, పిల్లలకు కొమ్మమీద చోటిచ్చాడు.

నీతి: పదిమందికి రాబోయే ఆపదను ఎలుగెత్తి చాటాలి, పరుల ఇంటి గుట్టు కంటబడితే, అది ఎంత నిజమైనా, పెదవి దాటనీయరాదు.