కొమరమ్మ దుకాణంలో దూలం

మణిగిరి రాజధానిలో కొమరమ్మ కల్లు దుకాణం ముత్తాతల నాటిది. అక్కడ దొంగలు తాగారు, కవులు తన్నుకున్నారు, ఒక మహారాజు కూడా మారువేషంలో వచ్చిపోయాడని ఊరంతా చెప్పుకునేది.

ఒకనాడు కొత్వాలు భుజంగరాయుడు దాన్ని మూయించడానికి భటులతో వచ్చాడు. గుమ్మం ముందు జనం గుమిగూడారు.

"ఛీ! ఇలాంటి కొంపలో కాలు పెట్టడం నా జన్మలో ఇదే మొదలు! ఈ పూటే తాళం వేయండి!" అని గర్జిస్తూ ఆయన లోపలికి నడిచాడు. వెనకే వచ్చిన భటులిద్దరూ "అబ్బా!" అంటూ నుదుళ్లు పట్టుకున్నారు.

కొమరమ్మ వాళ్లకు తడిగుడ్డ అందించి, నెమ్మదిగా అంది: "దొరా, గుమ్మం దాటగానే ఆ చీకట్లో ఒక దూలం కిందికి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లెవరూ దానికి తల కొట్టుకోకుండా లోపలికి రాలేదు. ఆనాడు మహారాజుగారికీ బొప్పి కట్టిందట. తమరు మాత్రం మాట్లాడుతూనే సరిగ్గా అక్కడ వంగి వచ్చారు."

జనం కిసుక్కున నవ్వారు. కొత్వాలు మళ్లీ తాళం మాట ఎత్తలేదు. గిర్రున వెనక్కి తిరిగాడు.

వెళ్లేటప్పుడు మాత్రం ఆయన దూలం దగ్గర వంగలేదు. ధనామని తల కొట్టుకుని, వీధి చివరిదాకా వినబడేలా "అబ్బా!" అన్నాడు.